సున్నా టికెట్టు

వేలు పెట్టమంటుంది మిషను.
పెడతాను.
"మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది,
ఆడగొంతుతో, మర్యాదగానే.

కొంగుకు తుడిచి పెడతాను.
నోటితో ఊది పెడతాను.
మస్తానమ్మక్క చెప్పినట్టు
తలకు రుద్ది, ఆ కాస్త నూనెజిడ్డుతో పెడతాను.
ఎనకాల నలభైమంది, గమ్‌బూట్ల చప్పుడు,
"తొందరగా కానీమే" అని ఎవరో.

బొటనవేలి మీద గీతల్లేవు నాకు.
తొమ్మిదేళ్ళ ఐసునీళ్ళలో
రొయ్య పొట్టుతో పాటు పోయాయి.
రోజుకు ముప్పై కిలోలు ఒలిచేదాన్ని,
నేనూ ఒలుచుకు పోతున్నానని
మిషను చెప్పేదాకా తెలీలేదు.

అయిదూ యాభైకి గేటు దగ్గరుంటే
ఆరూ ఇరవైకి గుర్తుపడుతుంది.
ఇరవై నిమిషాల లేటుకు అరపూట కోత.
అసలు గుర్తుపట్టని రోజు
నేను పనికి రాని రోజు.
ఆ రోజు నేనొలిచిన రొయ్యలు మాత్రం
వచ్చినట్టే లెక్క,
పెట్టెలకెక్కి, ఓడెక్కి పోయాయి.

నెలాఖరు చీటీలో హాజరు పందొమ్మిది.
గ్లౌజులకు కోత, టోపీకి కోత,
యాప్రాన్ ఉతుకుడుకు కోత (ఉతికేది నేనే),
చివర్న 'ఇతరములు' నాలుగొందల పది.
ఇతరములంటే ఏందన్నా అన్నాను.
ఏజెన్సీ మాల్యాద్రి నవ్వాడు:
"చెప్పేటియ్యయితే ఇతరములెట్టా అవుతయ్యక్కా!"

కంపెనీ మేనేజరు,
"మీరు మా మనుషులు కాదమ్మా, ఏజెన్సీ వాళ్ళు."
మాల్యాద్రి,
"మిషను కంపెనీది, నన్నేం చెయ్యమంటావ్?"
ఒకరు తల గిల్లి పక్కకు జరిపితే
ఇంకొకరు నరం లాగే పని
మాకు తెలియంది కాదు.
బల్లకు ఇటువైపు నిలబడటమే అలవాటు,
బల్ల మీద పడుకోవడం కాదు.

మా ఇంట్లో ఏదీ పారెయ్యం.
ఆడోళ్ళకు బస్సు ఉచితమైనాక
కండక్టరు కోసిచ్చే సున్నా టికెట్టు
చించబుద్ధి గాక
పసుపు డబ్బాలో వేస్తా వచ్చాను.
అది నిండితే బిస్కెట్ల డబ్బా.

కరెంటు పోయిన రాత్రి
ఫోను వెలుగులో వాటిని పేర్చి ఆడుకుంటా
మా చిన్నది అంది:
"అమ్మా, దీంట్లో టైముంది."

ఊళ్ళపాలెం. 05:18. 05:21. 05:18. 05:19.
మొదటి నెలవి వెలిసిపోయి తెల్లకాగితాలు.
మిగతావి పసుపంటి, అయినా చదవొచ్చు.
నేను రాలేదన్న రోజున
నేను బస్సులో ఉన్నాను.

ఒంగోలు లేబరాఫీసులో
సారు ఒక టికెట్టు ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు.
"దీని మీద నీ పేరు లేదు కదమ్మా."
నిజమే. లేదు.
ఎవరి పేరూ లేదు.
నోరు ఎండిపోయింది.

అప్పుడు మస్తానమ్మక్క రవికలో నుంచి
తన కట్ట తీసింది, రబ్బరుబ్యాండు చుట్టి.
గౌసియా పిల్లల జామెట్రీ పెట్టె తెరిచింది.
అంకమ్మ సగం తడిసినవి తెచ్చింది.
అవే తేదీలు. అదే బస్సు.
నాది నలభై ఒకటైతే అక్కది నలభై రెండు,
గౌసియాది నలభై మూడు,
మేం ఎక్కే వరసలోనే నంబర్లు,
మేం కూర్చునే వరసలోనే.
సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ముందు జిరాక్సులు తీయించండి,
ఈ సిరా ఉండదు" అన్నాడు.

గెలిచామని కాదు.
వాయిదా పద్నాలుగుకు పడింది.
మాల్యాద్రి రాత్రి ఫోను చేశాడు:
"ఆ డబ్బా నాకిచ్చెయ్యక్కా,
నాలుగు రోజుల కూలి నేనిప్పిస్తా."
అంకమ్మను రేపట్నుంచి రావద్దన్నారంట.
ఇంకో అర్జీ రాయించాలి.

ఆ రోజు అర్జీ కింద
గుమాస్తా స్టాంపుప్యాడు ముందుకు జరిపాడు.
వేలు ఎత్తాను,
ఎత్తి, దించేశాను.
పెన్ను అడిగాను.
పాలపర్తి సువార్తమ్మ.
ఒత్తులతో సహా, ఒక్కో అక్షరం దిద్దుకుంటా.
ఎంతసేపు పట్టిందో
ఎవరూ కొయ్యలేదు.