మూడో గది

గంధకం నీళ్ళ వాసన మొదటిరోజు
కుళ్ళిన గుడ్డులా కొడుతుంది.
రెండో వారానికి అలవాటవుతుంది.
ఇరవై రెండేళ్ళయ్యాక
అది లేనిచోట ఊపిరి సరిగా ఆడదు.
త్బిలిసిలో, పాత స్నానాల వీధిలో,
నేలమీద బోర్లించిన ఇటుక గుమ్మటాల కింద
నాది ఒళ్ళు తోమే ఉద్యోగం.
పేరు ఎల్షాద్. అడిగినవాళ్ళు తక్కువ.

ముఖాలు నాకు ఆలస్యంగా గుర్తొస్తాయి,
వీపులు వెంటనే.
ఎంత చదివినవాడికైనా, ఎంత జపించినవాడికైనా
తన వీపు నడిమధ్య జానెడు చోటు అందదు.
ఆ జానెడే నా కూడు.

గురువారం సాయంత్రం, మూడో గదిలో ఇద్దరు.
ఎలిజ్‌బార్, బడిలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాడు,
నడుం దగ్గర శొంఠికొమ్ములా వంకర.
అంజోర్, చర్చిలో మంద్రస్వరం పాడేవాడు,
కొవ్వొత్తులు పోసి పోసి
ముంజేతుల నిండా మైనం కాల్చిన మచ్చలు.

నీళ్ళలోకి దిగగానే మొదలు.
"ఈ వేడి దేవుడి అరచెయ్యి."
"ఎక్కడో లోతున కాగిన రాయి."
"ఆ రాయిని కాచిందెవరు?"
"పై వారం కూడా ఇదే అడుగుతావు."
నవ్వుకుంటారు.
నన్ను అడగరు.
కానీ రంజాన్ నెలలో నా ముందు సోడా తాగరు,
సీసాలు తువ్వాలు కింద దాచి మూత తీస్తారు,
తుస్సుమనే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ రోజుకొకరైనా జారతారు.
పాచి, సబ్బు, తొందర.
కాలు జారితే తీసుకోవచ్చు అన్నవాడు
మా నేల చూసి ఉండడు,
పోయినేడు ఒకతనికి తుంటి విరిగింది.
నోటి సంగతి మాత్రం సరిగానే చెప్పాడు.

నవంబరులో ఒక గురువారం
ఎలిజ్‌బార్ నా చేతుల కింద బోర్లా పడుకుని ఉన్నాడు.
మాట ఎక్కడ దారి తప్పిందో నేను వినలేదు.
విన్నది ఇంతే:
"నాతేలా కోసం నువ్వు ఒక్క వత్తి వెలిగించి ఉంటే
ఆమె ఇవాళ..."

మనిషి వీపు రాయి కావడం
అంతకుముందు ఎరగను.
మెడ నుంచి నడుం దాకా
ఒక్కొక్క కండరమూ తలుపు వేసుకుంది.
అతను లేచాడు. తువ్వాలు చుట్టుకున్నాడు.
తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఎలిజ్‌బార్ సోమవారాలు, ఒక్కడే.
అంజోర్ గురువారాలు, ఒక్కడే.
"నా నమ్మకం నేను చెప్పాను, తప్పా?" అన్నాడు నాతో.
"నమ్మకం నీది," అన్నాను, చెయ్యి ఆపకుండా,
"చావు వాళ్ళింటిది.
అడక్కుండా తెచ్చి సాక్షిగా నిలబెట్టావు."
కూలివాడు అనాల్సిన మాట కాదు.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
టిప్పూ రాలేదు.

జనవరి. సోమవారం. బయట మంచు.
తలుపు తోసుకుని అంజోర్ వచ్చాడు, బట్టలతోనే,
బూట్ల మంచు నా నేలమీద కరుగుతోంది.
క్షమించమని మొదలుపెట్టి, మింగేసి,
"నాతేలా గురించి నాకేమీ తెలీదు," అన్నాడు.
"ఆమె ఎలా ఉండేది?"

చాలాసేపు జవాబు లేదు.
"చదరంగంలో మోసం చేసేది,"
ఎలిజ్‌బార్ గోడకేసి తిరిగి అన్నాడు.
"నా ఏనుగుని ఒళ్ళో దాచేసుకునేది."
ఇంకా చెప్పాడు. అది మీకు చెప్పను.

అంజోర్ చొక్కా విప్పి
నా చేతి తొడుగు లాక్కున్నాడు.
ఎంత చెత్తగా తోమాడని!
"అక్కడ కాదు. కింద. ఇంకా కింద.
నీ దేవుడు నీకు దిక్కులైనా నేర్పలేదా?"
"నీ రాళ్ళు నీకు మర్యాద నేర్పాయా?"
చెయ్యి ఆగలేదు.
వీపు బిగుసుకోలేదు. నేను చూసింది అదొక్కటే.

మళ్ళీ గురువారం. మళ్ళీ రాయి, మళ్ళీ అరచెయ్యి.
ఉన్నట్టుండి ఎలిజ్‌బార్ అన్నాడు,
"ఈ వేడి ఎక్కడిది ఎల్షాద్, నువ్వు చెప్పు."
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.
నా దగ్గర ఒకటుంది, మా తాత చెప్పింది, చిన్నది.
చెప్పాను.

ఇద్దరూ ఒప్పుకోలేదు.
అంజోర్ గట్టుమీద కాస్త జరిగాడు,
ఎలిజ్‌బార్ మూడో సీసా మూత తీశాడు.