నొక్కు

యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను
బంగారుపాళెం హైస్కూల్లో, కరెంటు లేని మధ్యాహ్నం.
‘నొక్కు’ - పర్యాయపదాలు రాయండి. రెండు మార్కులు.
అదుము, ఒత్తు, అణచు.
నా దగ్గరున్న జవాబు ఇంతే,
ఎర్రసిరాతో టిక్కు పెట్టడానికి సరిపోయేంత.

కిటికీ అవతల హైవే పక్కన ట్రాక్టర్లు,
పల్ప్ ఫ్యాక్టరీ గేటు దాకా మూడు రోజుల వరస.
బెంగుళూరా కాయ ఎండకు మెత్తబడి
పై పొర బరువుకు కింది పొర
అప్పుడే రోడ్డు మీదికి రసం కారుస్తోంది.
ఈగలకు మాత్రం గేటు తెరిచే ఉంది.

ధనకోటి కొడుకు రాశాడు:
“తువ్వాల కింద నొక్కేది.”
తప్పు పెట్టబోయి ఆగాను.
మండీలో చూశాను కదా,
పైన రెండు మొహాలు, వాటిలో ఏమీ లేదు,
కింద మూడు వేళ్ళ మీద ఒక బొటనవేలు.
ఏడాదంతా నీళ్ళు మోసి పెంచిన తోట
ఒక గుడ్డ కింద, మాట లేకుండా, చెయ్యి మారుతుంది.
వాడి పక్కవాడు ఇంకా సూటిగా:
“తూకంలో నొక్కేస్తారు.”

షంషాద్ రాసింది:
“అబ్బాజాన్ కాళ్ళు. రేత్రి లారీ దిగినంక.”
గీత కింద మళ్ళీ చిన్నగా,
“ఆయన నిద్రపొయ్యేదాకా.”

మొగిలీశ్వరి:
“కాయను నొక్కి చూడగూడదు. నొక్కిన చోట నల్లబడతాది.
నొక్కినోళ్ళు కొనరు.”
ఇది పర్యాయపదం కాదు.
ఏమిటో నాకూ తెలియదు. రెండూ వేశాను.

వెనక బెంచీ గుణశేఖర్‌ది ఒకే ముక్క: “చోక్.”
సున్నా చుట్టి, సాయంత్రం నా స్కూటీతో
వాళ్ళ నాయన షెడ్డుకే పోవాల్సొచ్చింది.
గ్రీజు చేతిలో కార్బురేటరు తిప్పి చూపించాడు.
“ఇదో, ఈ రేకు మూస్తే గాలి తగ్గుతాది మేడమ్.
చల్లబడిన బండికి ఊపిరి కొంచెం నొక్కితేనే మంట అంటుకుంటాది.
అంటుకున్నాక తీసెయ్యాల.
మరిచిపోతే పొగే. ఆగిపోతాది.”
పిల్లవాడు స్పానర్లు సర్దుతూ
నా వైపు చూడలేదు.
సున్నా పక్కన రెండు రాయడానికి
మర్నాటి దాకా ఆగలేకపోయాను.

ముప్పై ఎనిమిది పేపర్లు.
గొంతు అని ఎవ్వరూ రాయలేదు.

పోయిన వారం గేటు ముందు కుప్పమ్మ
ధర అడగడానికి ట్రాలీ ఎక్కింది.
మైకు మీట ఎవరో నొక్కారు.
‘రైతు గొంతు నొక్కారు’ అని మర్నాడు పేపరు,
కానీ నేనక్కడే ఉన్నాను,
మైకు పోయాకే ఆమె ఒక్కో అంకెనూ
చివరి ట్రాక్టరుకి వినబడేలా నొక్కి చెప్పింది.
మధ్యలో పొలమారింది.
ఎవరో మాడు మీద తడుతూ
“ఎవురో తలుచుకుంటా ఉండార్లేక్కా” అంటే
“తలుచుకోనీ” అంది దగ్గుల మధ్య,
“పేరు గూడా రాసుకోనీ.”

నేనక్కడే ఉన్నాను,
సర్క్యులర్ బ్యాగులో, చీర కొంగు నోటి మీద,
దుమ్ముకి అన్నట్టు.
నా మాటను నేనే నొక్కుకున్నాను.
ఆ రూపం ఏ నిఘంటువులో వెతకాలో తెలియదు.

ఆఖరి పేపరు తిప్పేసరికి
కరెంటు వచ్చింది.
స్విచ్ ఎవరూ నొక్కలేదు, పొద్దుట్నించీ వేసే ఉన్నట్టుంది.
ఫ్యాను ఒక్కసారిగా తిరిగింది.
పిల్లల జవాబులు లేచి ఎగరబోతే
రెండు అరచేతులతో
నొక్కి పట్టుకున్నాను.