డార్విన్‌లో నవంబరు

పొట్లం మీద రాసి ఉంది: వసంతంలో విత్తుకోవాలి.
ఎక్కడో హోబార్ట్‌లో, చలిలో కూర్చుని అచ్చేసిన మాట.
నమ్మి సెప్టెంబరులో టమాటా వేశాను.
పూత నిలవలేదు.
మొక్కలు నిలబడ్డచోటే ఉడికాయి.

మూడు వారాలుగా సాయంత్రమైతే చాలు
సముద్రం మీద మబ్బు మేడ కడుతుంది,
ఉరుముతుంది, మెరుస్తుంది,
ఒక్క చినుకూ రాల్చకుండా చీకట్లో కూలిపోతుంది.
చొక్కా ఆరదు. సీసాలో ఉప్పు గడ్డకట్టింది.
ఎదురింటి మొగుడూ పెళ్లాం
చెత్తడబ్బా మూత కోసం అర్ధరాత్రి దాకా అరుచుకున్నారు.

నిన్న ఆ మబ్బునే చూసి
మొక్కలకు నీళ్లు మానేశాను.
ముంత ఒలకబోసుకున్నవాణ్ని చూసినట్టు చూసింది
కంచె అవతలి థెమెలీనా.
కలిమ్నోస్ నుంచి వచ్చి యాభై రెండేళ్లు,
ఇంకా ఆ నల్లగౌనే.

"టమాటా అయితే మే నెలలో.
ఇక్కడ ఎండొకటి, వానొకటి,
మధ్యలో ఈ ఉక్క.
ఇందులో పెంచేదేం లేదు, ఓర్చుకోవడమే" అంటూనే
తడిగుడ్డలో చుట్టిన తూటికూర కాడలు అందించింది.
"డొమింగాస్ ఇచ్చింది, దిలీ రకం.
నా చేతిలోనే చావలేదు,
నీ చేతిలో మాత్రం చస్తుందా?"

రాత్రి రెండింటికి రేకుల మీద
ఒకటి.
చాలాసేపటికి ఇంకొకటి.
తర్వాత లెక్క అందలేదు.

బయటికి పరిగెత్తేసరికి
ఆమె అప్పటికే పెరట్లో వంగి ఉంది,
గౌను ఒంటికి అంటుకుపోయి,
పిడికిట్లో మట్టి నలుపుతూ
పదునెక్కిందా అని.

"ఇంకా లేదు," అంది తలెత్తకుండా.
"పోయి పడుకో."