రాయని పద్దు

కాంప్లెక్స్‌లో బస్సు దిగేసరికి
వీపున పదకొండు కిలోలు, జేబులో నూట అరవై.
రాత్రి జయపురం బస్సుకి టికెట్టు ముందే కొన్నాను గనక
ఈ నూట అరవై అంతా ఆకలిదే.

బయల్దేరిన రోజు
బ్యాగులో అటుకులూ బెల్లమూ సర్దుకుని
గొప్ప ఏర్పాటనుకున్నాను.
బెల్లం కరిగి చొక్కాల్ని తింది.

పూర్ణా మార్కెట్ వెనక
తపేలా ముందు గొంతుక్కూర్చున్న ముసలాయన
చోడి అంబలి లోటాతో పోసి
నంజుకోవడానికి పచ్చిమిరపకాయ ఇచ్చాడు.
"ఇంకో గలాసు తాగు బావూ,
మధ్యాన్నం దాకా కడుపు మరేటీ అడగదు."
నిజంగానే అడగలేదు.
రెండు గ్లాసులూ ఇరవై.

హోటళ్ల బోర్డులు చదువుకుంటూ బీచ్ రోడ్డున నడవడం
చాలా ఖరీదైన పని.
చదవడం మానేసి ముంతమసాలా బండి దగ్గర ఆగాను.
అడక్కుండానే ఉల్లిపాయ రెండో గుప్పెడు.
సముద్రం వైపు తిరిగి తింటుంటే
గాలికి సగం మరమరాలు ఎగిరి
వెనకెవరి జడలోనో పడ్డాయి.

ఒంటిగంటకి ఫిషింగ్ హార్బర్.
వలలు కుడుతున్న నీడలో
నూకరత్నం నెత్తళ్లు పులుసు పెడుతోంది.
అమ్మడానికి కాదు, వాళ్ల మనుషులకి.
అది తెలియక, ఎంతమ్మా అని అడిగాను.
ఆవిడ నా బ్యాగు ఒంటిచేత్తో ఎత్తి చూసి
"ఏటుందిందులో, లంగరా?" అంది.

స్టవ్వుంది, గిన్నె ఉంది, మడత చెంచా ఉంది,
కిలో బియ్యం ఉంది,
మూడు ఊళ్లు తిరిగినా ఒక్కసారీ ఉడకనిది.

బియ్యం తీసుకుంది.
చేటలో పోసి రాళ్లు ఏరుతూ
"కొట్టోడు మోసం చేసాడు" అని
నా తరఫున కోప్పడింది.
ఏడుగురికి అవి చాల్లేదు,
వాళ్ల బియ్యమూ కలిసింది.
ఏ మెతుకు ఎవరిదో
చింతపండు పులుసులో తేల్లేదు.

నెత్తళ్లని తలతో సహా నమలాలని,
ముల్లు గుచ్చుకుంటే ఉత్తి అన్నం ముద్ద మింగాలని
ఆవిడ మనవడు చూపించాడు, నోరు తెరిచి మరీ.

లేస్తూ యాభై తీశాను.
"బియ్యం నీవే గదా."
"కూర మీది కదా."
"అయితే ఆ మడత చెంచా ఇచ్చీ.
బుడ్డోడు ఒదల్డం లేదు."

రాత్రి బస్సులో చిన్న పుస్తకం తెరిచి
అంబలి ఇరవై, ముంతమసాలా ముప్పై, టీ పది అని రాశాను.
తర్వాతి గీత మీద
చెంచా అని రాసి, కొట్టేసి,
కాసేపు ఊరుకుని
వేళ్లు వాసన చూసుకున్నాను.

పక్క సీటాయన
ఏమీ అనకుండా కిటికీ తెరిచాడు.