గీత

కలిమెల సంతవీధిలో నాది జిరాక్స్ కొట్టు.
కాపీ రెండు రూపాయలు, లామినేషన్ ఇరవై.
కరెంటు పోతే మాత్రం అందరం ఒక్కటే.

ఈ వారం వానలోనూ వరుస తగ్గలేదు.
ఎదురు బడ్డీలో టీవీ పొద్దుట్నించీ అరుస్తోంది.
సరిహద్దు మీద కొత్త చట్టమట, దాని మీద చర్చట.
నలుగురు నాలుగు గళ్ళలో కూర్చుని
ఒకడు శరణార్థి అంటాడు
ఇంకొకడు చొరబాటుదారు అంటాడు.
ఆ రెండు మాటల కింద నిలబడి
టీ తిరగబోస్తున్నాడు గౌరాంగ.
వాళ్ళ నాన్నదీ నెంబరు ఊరే.

నెంబరు ఊరంటే మీకు తెలియకపోవచ్చు.
తూర్పు బెంగాల్ నించి వచ్చినవాళ్ళని
అడవి కొట్టి, చదును చేసి, దింపిననాడు
పేరు పెట్టే తీరిక ఎవరికుంది?
ఇప్పటికీ పెళ్ళి కార్డులో
ఊరి పేరు ఉండాల్సిన చోట అంకె ఉంటుంది.

కుసుమబాల మృధా వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి.
పాలిథీన్ కవరు, అందులో పాత చీర ముక్క,
అందులో కాగితం.
క్యాంపు చీటీ. తండ్రి పేరు, మనుషులు ఐదుగురు.
దారిలో పోయినవాళ్ళు లెక్కలో లేరు.
అరవై ఏళ్ళు నాలుగు మడతల్లో పడుకుని పడుకుని
చీటీ మడత దగ్గర చిరిగింది.
చిరుగు సరిగ్గా ఆమె పేరు మీదుగా పోయింది.
కుసుమ ఇటు. బాల అటు.

గాజు మీద పరిచాను. పచ్చటి వెలుగు పాక్కుంటూ పోయింది.
మడత నల్లటి గీతై వచ్చింది.
"గీత తీసెయ్ బాబూ" అంది తెలుగులో,
మోటు సంతలో వంకాయలమ్ముతూ నేర్చిన తెలుగు.
సిరా తగ్గించాను. గీత మిగిలింది, పేరు పోయింది.
పెంచాను. పేరొచ్చింది,
గీత ఇంకా లావెక్కింది.

వెనక వరుసలో ఇరమా పొడియామి నవ్వాడు.
కోయ ముసలాయన. పోడు పట్టా కోసం
పదకొండేళ్ళుగా నా కొట్టుకి తిరుగుతున్నాడు.
"వీళ్ళు లారీ దిగిన రోజు చెట్టెక్కి చూశాను.
మర్నాడు ఆ చెట్టు లేదు."
కోపంతో అన్నాడో, ఊరికే అన్నాడో.
అని, బల్ల మీద జరిగి ఆమెకి చోటిచ్చాడు.

నన్నెవరూ ఏమీ అడగలేదు.
మా తాత చింతూరు వైపు నించి శబరి దాటి
పడవలో ఉప్పు బస్తాల మీద కూర్చుని వచ్చాడు.
ఆయన దగ్గరున్న కాగితమల్లా పొగాకు పొట్లం కట్టింది.
నాకు ఒడిశా రేషను కార్డుంది. కలలు తెలుగులో వస్తాయి.
ఏ చర్చలోనూ నా ఊసు రాదు.
వాళ్ళూ నది దాటే వచ్చారు.
మాది చిన్న నది, అంతే.

తాత వాళ్ళని కాందిశీకులు అనేవాడు.
బళ్ళో మేష్టారు ఆ మాట విడదీసి చెప్పారొకసారి,
'ఏ దిక్కుకి పోను' అని అడిగేవాడట.
పరీక్షలో రాసి, రెండు మార్కులు తెచ్చుకుని
మర్చిపోయాను.

ఆరు కాపీలు, పన్నెండు రూపాయలు.
పదివ్వమన్నాను.
కొంగు ముడి విప్పి ఇంకో రెండు వెతికి పెట్టింది.
"బాకీ వద్దు బాబూ,
రేపు దానికీ ఓ కాగితం అడుగుతారు."
వరుసంతా నవ్వింది. ఇరమా నవ్వలేదు.

మెట్లు దిగి, కవరు రొమ్ముకి అదుముకుని,
వానలో ఆగి వెనక్కి తిరిగింది.
"కొత్త కౌంటరు
ఏ దిక్కు బాబూ?"

చెయ్యెత్తాను.
టీవీలో ఎవరో ఎవర్నో మాట్లాడనివ్వడం లేదు.
చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.