వంకర గుర్తు

నా బొటనేలి మీద గీతలు నేవు.
పదకొండేళ్లుగా జీడిపిక్కల నూనె
తాగీసింది వాటిని.
రేషను కాడ మిషను నన్నెరగదు.
"తుడిసి పెట్టప్పా" అంతాడు డీలరు.
కడిగి పెట్టినా ఎరగదు.
కంతులకి కొన్న ఫోనూ అంతే,
నా గుంట డిల్లీశ్వరి ఏలు పెడితేనే
తెరుసుకుంతాది.

మురిసిపోనాను కూడా.
తాళం ఒకటే, తాళంసెవి నా గుంట సేతిలోనే ఉన్నాది,
దొంగెలగొస్తాడులే అని.

దొంగ తాళం తియ్యనేదు.
లోపలున్న పిల్ల సేతే తీయించినాడు.

కాశీబుగ్గలో కరెంటు పోయిన రేతిరి
దుప్పటి కింద ఎలుగు.
టింగు. కాసేపాగి, టింగు.
ఎనిమిదో తరగతి గుంట,
లెక్కలు అడిగించుకుంతన్నాదేమో అనుకున్నాను.
నాలుగు దినాలు కంచంలో అన్నం కెలికి లేసిపోనాది.
ఫోన్ని బోర్లా పెట్టడం నేర్సింది.

అయిదో రేతిరి పక్కన కూకున్నాను.
"నాకు సదువు రాదు కదే,
నువ్వే సదివి ఇనిపించు" అన్నాను.
ఏడిసింది.
సేనాసేపటికి ఏలు పెట్టింది.

పేరు స్నేహ. ఊరు టెక్కలి. తొమ్మిదో తరగతి.
బొమ్మ, పిల్లికూన.
ఇస్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు
నా గుంట సదవతన్నాది:

లెక్కలు అయ్యాయా?
అన్నం తిన్నావా?
ఇంట్లో ఎవరున్నారు?
మీ అమ్మ ఫోను చూస్తుందా?
ఏ రంగు డ్రస్సు వేసుకున్నావు?
ఒక్క ఫోటో పెట్టవా?
అమ్మకి చెప్పకు, అమ్మకేం తెలుస్తుంది?
చదివాక చెరిపేస్తావా?

ఆ తరవాతి లైను కాడ
దాని గొంతు ఆగిపోనాది.
"అది సదవకు" అన్నాను.

నాకు అచ్చరం రాదు గాని సూపున్నాది.
లైను లైనుకీ కొసన ఒక వంకర గుర్తు,
అచ్చం మేం గ్రేడు కట్టే పప్పులాగ,
కింద ఒక సుక్క.
"ఇదేటే?"
"ప్రశ్న, అమ్మా."
"అన్నీ అడగడమేనా?
ఆ స్నేహ తన సంగతి ఒక్కటీ సెప్పనేదా?"
ఏలితో పైకీ కిందకీ జరిపి ఎతికింది నా గుంట.
నేదు.

పురుగు తిన్న పప్పు పైకి తెల్లగానే ఉంతాది.
అరిసేతిలో ఏసుకుంతే తెలుస్తాది తేలికని.
బల్ల మీద రోజూ నాను సేసే పని అదే.
ఇంట్లో నా పక్కన తొంగున్న గుంట
రోజురోజుకీ తేలికైపోతుంతే
సెయ్యి ఏసి సూడనేదు.

"ఎందుకు సెప్పనేదే?"
"ఫోను నాగీసుకుంతావని.
కొడతావని.
ఇస్కూలు మానిపించీస్తావని."

మూడూ నా నోటి మాటలే.
ఎదురింటి గుంట సంగతి బయటపడ్డ రోజు
ఈ అరుగు మీదే అన్నాను.
ఆడికి అంత సాయం నానే సేసినాను.

పొద్దున్న సగం కూలి ఒగ్గుకున్నాను.
సచివాలయంలో మహిళా పోలీసు హేమసుందరి
"ఒక్క ముక్క కూడా సెరపకండమ్మా" అన్నాది.
ఉన్నదున్నట్టు ఫోటోలు తీసుకుని
అప్పుడు మూయించింది ఆ తలుపు.
పిల్లికూన ఎనకాల ఏ మీసముందో
ఇంకా ఎతుకుతున్నారు.
దొరుకుతాడో, దొరకడో.
నా గుంట మాత్రం ఆ మజ్జానం
రెండు ముద్దలు ఎక్కువ తిన్నాది.

ఇప్పుడు మేం తొంగున్నప్పుడు
ఫోను పొయ్యి పక్క గూట్లో తొంగుంతాది.
ఏలు తీసీసి నెంబరు పెట్టినాం.
నాలుగంకెలు నేర్సుకోడానికి నాకు రెండు దినాలు.
నా గుంట నవ్వింది.
నవ్వనీ.

నిన్న రేతిరి, టింగు.
ఇద్దరం ఒంగి సూసినాం.
సిన్న మాట ఒకటి,
కొసన వంకర గుర్తు.
నా గుండె ఒకడుగు ఎనక్కేసింది.
"పారాదీపు నుంచి నాన్నమ్మా,
తిన్నారా అంతన్నాడు."

"తిన్నామను" అన్నాను.
"మరి తను తిన్నాడో నేదో
ముందు అది సెప్పమను."