పది దెబ్బలకు దిగుడు

గుణుపురం స్టేషను వెనక
తవిటాచారి షెడ్డులో
నాకిచ్చిన పని, వినడం.

రిజిస్టరులో రెండే గళ్ళు:
దెబ్బలు ఎన్ని, దిగుడు ఎంత.
ఏటి ఒడ్డున స్టూలేసుకుని
దిమ్మిస పడ్డప్పుడల్లా ఒక గీత,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఇంటికెళ్ళి అన్నం తింటున్నా
ముద్దకో గీత పడేది లోపల.

మొదటి యంత్రానికి యంత్రమనే పేరు లేదు.
మూడు సాలు దుంగలు, ఒక కప్పీ,
చిన్నరైలు పారేసిన ఇనుము కరిగించి
పోతపోసిన దిమ్మిస. సరిగ్గా ఐదొందల కిలోలు.
తాడు కొసన ఇరవై నలుగురు.
ఇలియాస్ రయితో సవర భాషలో కేకేస్తే
మావాళ్ళు తెలుగులో లాగేవారు,
ఒడియాలో వదిలేవారు.
ఏ భాషలో వదిలినా
అది కిందికే వచ్చేది.

రెండోది డీజిలు ఇంజను వించి.
దానికి అత్తగారి పేరు పెట్టాడు ఆచారి, బోడెమ్మ అని.
చెప్తే కదలదు, కదిలితే ఆగదు.

మూడు, నాలుగు, ఐదు బాగానే బతికాయి. వాటి గురించి చెప్పడానికేం లేదు.
ఏడోదాన్ని రాయగడ దగ్గర
నాగావళి ఒక్క రాత్రిలో తీసుకుపోయింది.
తెల్లారి చూస్తే ముక్కాలి లేదు,
తీగతాడు మాత్రం తుప్పల్లో మెలికలు పడి ఉంది.
రిజిస్టరు తడిసి
ఆ పేజీ దెబ్బలన్నీ ఒకటే నీలి మరక.
ఎన్ని కొట్టామో ఆ ఏటినే అడగాలి.

"ఒలమ్మీ, నేల అబద్ధమాడుతాది," అనేవాడు ఆచారి.
"నడిమిన గట్టి పొరొకటి అడ్డెట్టి
అయిపోనాది, ఇంటికెల్లండంటాది.
నమ్మీకు. ఇంకో పది కొట్టించు."

ఒకసారి నమ్మాను.
చిన్న కాలువ వంతెన, ఎనిమిదో పైలు,
మునిమాపు, చినుకులు, అందరికీ ఆకలి.
పది దెబ్బలకు గోరంత దిగుడు.
అందింది, అని రాశాను.
మర్నాడు పొద్దున్నే ఆచారి మళ్ళీ కొట్టించాడు.
మూడు దెబ్బలకు నాలుగడుగులు,
వెన్నలోకి వేలు దిగినట్టు.
తిట్టలేదు. కలం నా చేతికిచ్చి
ఆ మాట నాచేతే కొట్టేయించాడు.

తర్వాత కాలం కొట్టడం మాని
తవ్వడం నేర్చుకుంది.
మేమూ నేర్చుకున్నాం, ఉలి, బెయిలరు, బురద.
నలభై వించీలు అమ్మాం.
నలభై ఒకటో దానికి ఇత్తడి పలక బిగించి
అంకెలు కొట్టి తుడిచి నిలబెడితే
అడిగినవాడు లేడు.

విశాఖ నుంచి ట్రైలరెక్కి
పసుపుపచ్చ రిగ్గొకటి వచ్చింది.
అద్దాల గదిలో చల్లగా కూర్చుని ఒక కుర్రాడు
మా వారం పని పూటలో చేశాడు.
ఆచారి చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.
"అడుగు అందినాదని నీకెలా తెలుస్తాది బాబూ?"
కుర్రాడు తెర చూపించాడు.
చాలాసేపు చూసి
"బాగుంది" అన్నాడు.
నిజంగానే అన్నాడు.

ఆచారి పోయిన మరుసటేడు
మొదటి దిమ్మిసను పాతినుము కొట్టుకు తోలారు.
కాటా మీద నాలుగు వందల ఎనభై తొమ్మిది.
కాటాలో మోసముందని కొడుకు తగువు పడ్డాడు.
నాకు తెలుసు, కాటా మంచిదే.
పదకొండు కిలోలు
రవ్వగా, రజనుగా,
చూసేవాడి కంట్లో నలుసుగా
పైలు తలల మీద, ఎన్ని వంతెనల కిందో.
దెబ్బకెంత పోయిందో రాయడానికి
నాకెవరూ మూడో గడి గీసివ్వలేదు.

తూకం చీటీ అడిగి తెచ్చుకున్నాను.
రిజిస్టరులో, ఆ నీలి మరక పేజీలో ఉంది.